నాలుగేళ్ల చదువు, పాతికేళ్ల ప్యానెల్

సిరిసిల్లలో కరెంటు బిల్లు వేరే ఊళ్లలో వచ్చినట్టు రాదు. దాని మీద విద్యుత్ పంపిణీ సంస్థ పేరుకు బదులు ఒక సహకార సంఘం పేరు ఉంటుంది: కో-ఆపరేటివ్ ఎలక్ట్రిక్ సప్లై సొసైటీ. జనం నోట అది 'సెస్'. 1970లో మొదలైంది. కనెక్షన్ తీసుకున్న వినియోగదారులే అందులో సభ్యులు, వాళ్లే వాటాదారులు, డైరెక్టర్లను ఎన్నుకునేదీ వాళ్లే. 2022 డిసెంబరులో ఇక్కడ 15 మంది డైరెక్టర్ల కోసం జరిగిన ఎన్నికల్లో పార్టీలు అసెంబ్లీ ఎన్నికలంత పట్టుదలగా తలపడ్డాయి. కరెంటు ఆఫీసుకు ఓట్లేయడమేమిటని బయటివాళ్లు నవ్వొచ్చు. సిరిసిల్ల రైతుకూ, మరమగ్గాల కార్మికుడికీ అది అలవాటైన సంగతే.

గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లో ఏర్పడగానే దేశంలో అయిదు చోట్ల ఈ ప్రయోగం మొదలుపెట్టింది: కర్ణాటకలో హుక్కేరి, గుజరాత్‌లో కోడినార్, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, మహారాష్ట్రలో ములా-ప్రవర, మన సిరిసిల్ల. అమెరికా పల్లెలకు 1930ల్లో కరెంటు తెచ్చిన సహకార సంఘాలే వీటికి నమూనా. సెస్ సొంతంగా కరెంటు పుట్టించదు. టోకున కొని, తన తీగల మీద తన సభ్యులకు పంచుతుంది. అయినా అది నేర్పే పాఠం ఒకటుంది. ఏ ఒక్కరూ కొనలేని వస్తువును అందరూ కలిసి కొనొచ్చు. కొన్నవాళ్లలో సగంమంది ఊరు వదిలినా, కాలం చేసినా ఆ వస్తువు నడుస్తూనే ఉంటుంది.

ఈ పాఠం కాలేజీ విద్యార్థులకు పనికొస్తుందేమో చూద్దాం. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల, సిరిసిల్లలో మరో జేఎన్‌టీయూ కాలేజీ ఉన్నాయి. ఇక్కడి పిల్లలు తలా కొంత వేసుకుని తమ క్యాంపస్‌కు కావలసిన కరెంటును ఎండ నుంచో, పేడ నుంచో తీయగలరా? సాంకేతికంగా అడ్డేమీ లేదు. చిక్కంతా కాలంతోనే. విద్యార్థి కాలేజీలో ఉండేది నాలుగేళ్లు, సోలార్ ప్యానెల్ పనిచేసేది పాతికేళ్లు. డబ్బిచ్చినవాడు వెళ్లిపోయాక కూడా ఆ డబ్బు తన పని తాను చేసుకుపోవాలంటే ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

డాలరు ఎటు పోయింది?

ఈ ప్రశ్నకు ప్రపంచంలో విద్యార్థులు మూడు రకాలుగా జవాబిచ్చారు.

2000 సంవత్సరంలో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ క్యాంపస్ విద్యార్థులు ఓటింగ్ పెట్టుకుని తమ ఫీజును సెమిస్టరుకు ఒక డాలరు పెంచుకున్నారు. ఫీజు తగ్గించమని కాకుండా పెంచమని విద్యార్థులు ఓటేయడం అరుదు. ఆ డబ్బుతో గాలిమరల కరెంటు కొన్నారు. మంచి పనే. కానీ కొన్న కరెంటు ఆ ఏడుతో ఖర్చయిపోతుంది. మరుసటి ఏడు మళ్లీ కొనాలి.

ఉత్తర కరోలినా కొండల్లోని అపలాచియన్ స్టేట్ విశ్వవిద్యాలయం విద్యార్థులు 2004లో సెమిస్టరుకు 5 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. వాళ్లు కరెంటు కొనకుండా, కరెంటు తీసే యంత్రాలు కొన్నారు. 2009లో క్యాంపస్ మీద 100 కిలోవాట్ల గాలిమర నిలబెట్టారు. ఈ డబ్బు ఆస్తిగా మారింది. ఓటేసినవాళ్లు పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోయాకే ఆ గాలిమర తిరగడం మొదలైంది.

మిన్నెసోటా రాష్ట్రంలోని మెకలెస్టర్ కళాశాల విద్యార్థులు 2006లో ఇంకో అడుగు ముందుకేశారు. నిధి నుంచి డబ్బు తీసి కరెంటు ఆదా చేసే పనులకు పెడతారు. ఆ పని వల్ల బిల్లులో ఎంత మిగిలితే అంత మళ్లీ నిధికే వస్తుంది. వచ్చిన డబ్బుతో తర్వాతి పని. దీన్ని తిరుగుడు నిధి అనొచ్చు. మన చిట్టీలాంటిదే, కాకపోతే ఇందులో పాట పాడుకునేది మనిషి కాదు, పని.

ఫీజుతో పాటు ఇలాంటి చందా కట్టడం మన పిల్లలకు అంత కొత్తేమీ కాదు. టెక్సస్ శాసనసభ 2009లో చేసిన చట్టం ప్రకారం అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు ఓటేసి ఒప్పుకుంటే 5 డాలర్లకు మించని పర్యావరణ రుసుం వసూలు చేయొచ్చు. టెక్సస్‌లో ఎమ్మెస్ చదివే తెలుగు విద్యార్థుల్లో కొందరు ఈ రుసుం కడుతుంటారు. పొడుగాటి ఫీజు బిల్లులో అదొక వరస.

కరెంటు కొనడం, యంత్రాలు కొనడం, తిరుగుడు నిధి అనే మూడింటిలో మనకు పనికొచ్చేది ఏదో తేల్చాలంటే ముందు మన డాబా మీదికెక్కి లెక్క చూడాలి.

డాబా మీద లెక్క

జగిత్యాల దాదాపు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాబట్టి ఇక్కడ ప్యానెల్‌ను దక్షిణానికి తిప్పి, నేలకు సుమారు 19 డిగ్రీల వాలులో బిగిస్తే ఏడాది మొత్తంలో ఎక్కువ ఎండ నేరుగా పడుతుంది. ప్యానెల్‌లో ఉండేది సిలికాన్. వెలుతురు కణం సిలికాన్‌లోని ఎలక్ట్రాన్‌ను తట్టి లేపుతుంది. పొరల మధ్య ఉన్న విద్యుత్ క్షేత్రం దాన్ని ఒకే దిశలో తోస్తుంది. అలా తోసుకుంటూ పోయే ఎలక్ట్రాన్ల ప్రవాహమే కరెంటు. ఇందులో కదిలే భాగం ఒక్కటీ లేదు. అందుకే అది పాతికేళ్లు ఉంటుంది. ఏడాదికి తగ్గే సామర్థ్యం అర శాతం ప్రాంతంలోనే.

చాలామంది పొరపడే చోటొకటి ఉంది. జగిత్యాల జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది కదా, అప్పుడు కరెంటు దండిగా రావాలి అనుకుంటారు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. కంపెనీ రాసిచ్చే సామర్థ్యం సిలికాన్ 25 డిగ్రీల వద్ద ఉన్నప్పటిది. ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకీ సుమారు 0.4 శాతం కోత పడుతుంది. మే మధ్యాహ్నం ప్యానెల్ 70 డిగ్రీలకు వేడెక్కితే 45 డిగ్రీలు ఎక్కువైనట్టు. అంటే 18 శాతం పోయినట్టే. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి ఇంకా చల్లగా ఉండే ఫిబ్రవరి, మార్చి నెలలే దానికి సుఖం. డాబాకూ ప్యానెల్‌కూ మధ్య గాలి ఆడే జాగా వదలమనేది ఇందుకే. గోదావరి ఒడ్డున రామగుండంలో ఎన్టీపీసీ 2022లో తన జలాశయం మీద 100 మెగావాట్ల తేలే సౌర కేంద్రం పూర్తి చేసింది. అక్కడ కింద ఉన్న నీళ్లే ప్యానెళ్లను కొంత చల్లబరుస్తాయి. పైగా నీళ్లు ఆవిరై పోవడమూ తగ్గుతుంది.

ఎండాకాలం కోత, వానాకాలం మబ్బు, దుమ్ము అన్నీ కలిపినా మన ప్రాంతంలో ఒక కిలోవాటు ప్యానెల్ ఏడాదికి దాదాపు 1,400 యూనిట్లు ఇస్తుంది. అంటే రోజుకు నాలుగు యూనిట్ల లోపు. దానికి దాదాపు 100 చదరపు అడుగుల డాబా కావాలి. కడగడం మానేస్తే దిగుబడి పడిపోతుంది. కొండగట్టు పక్కన కాలేజీ అంటే కోతుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. వైర్లు బయటికి వేలాడకుండా పైపుల్లో వేయడం అక్కడ సోకు కాదు, అవసరం.

ఇక డబ్బు. రామగుండం తేలే కేంద్రానికి 423 కోట్ల రూపాయలైంది. కిలోవాటుకు 42,300 రూపాయలు పడ్డట్టు. కాలేజీ డాబా మీద అంత పెద్ద ఎత్తున కొనలేం కాబట్టి లెక్క తేలిగ్గా ఉండటానికి కిలోవాటుకు 50,000 అనుకుందాం. కాలేజీ కట్టే కరెంటు ధర యూనిట్‌కు 8 రూపాయలు అనుకుందాం. 1,400 యూనిట్లకు 11,200 రూపాయలు ఆదా. కడగడానికి, ఇన్వర్టర్ మరమ్మతులకు 1,200 పక్కన పెడితే కిలోవాటుకు ఏటా 10,000 మిగులు. అంటే అయిదేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. మిగిలిన ఇరవై ఏళ్లు లాభమే.

రెండు కాలేజీలు, ఒకే చందా

ఇప్పుడు ఊహకు రెండు కాలేజీలు తీసుకోండి. రెండింటిలోనూ వెయ్యి మంది విద్యార్థులు. రెండు చోట్లా విద్యార్థులు ఏటా తలా 500 రూపాయలు వేసుకుంటారు. ఒక్కో కాలేజీకి ఏటా 5 లక్షలు. రెండింటికీ డాబా మీద 100 కిలోవాట్లు పెట్టాలనే కోరిక. ఖర్చు 50 లక్షలు.

మొదటి కాలేజీలో ప్యానెళ్ల వల్ల తగ్గిన బిల్లు కాలేజీ ఖాతాలోనే కలిసిపోతుంది. ఎంత మిగిలిందో ఎవరూ విడిగా లెక్కేయరు. ఏటా 5 లక్షలు పెడితే ఏటా 10 కిలోవాట్లు. వంద కావడానికి పదేళ్లు పడుతుంది.

రెండో కాలేజీలో ప్రిన్సిపాల్ ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. ప్యానెళ్ల మీటరు చూపించిన యూనిట్లకు ధర కట్టి, ఆ సొమ్మును ఏటా విద్యార్థుల నిధికి జమ చేస్తామని. మొదటి ఏడు 10 కిలోవాట్లు. రెండో ఏడు చందా 5 లక్షలకు ఆదా లక్ష కలిసి 6 లక్షలు. 12 కిలోవాట్లు పెరిగి మొత్తం 22. మూడో ఏడు 36. నాలుగో ఏడు దాదాపు 54. అయిదో ఏడు 74. ఆరో ఏడు ముగిసేసరికి 99 దాటుతుంది. విద్యార్థులు వేసుకున్నది 30 లక్షలే. మిగతా 20 లక్షలు ఎండ సంపాదించి పెట్టింది. ఏడో ఏడు నుంచి చందా అక్కర్లేదు. 100 కిలోవాట్లు ఏటా 10 లక్షలు నిధికి తెస్తాయి. అది ఏటి చందాకు రెట్టింపు.

ప్యానెల్ ఒకటే, ఎండ ఒకటే, చందా ఒకటే. ఉన్న తేడా ఒక సంతకం. మనవాళ్లు ప్యానెల్ కంపెనీ ఏది మంచిదని నెల రోజులు వాదించుకుంటారు. ఆ సంతకం గురించి ఒక్క పూట కూడా మాట్లాడుకోరు.

100 కిలోవాట్లు ఏటా లక్షా 40 వేల యూనిట్లు ఇస్తాయి. మన గ్రిడ్‌లో ఎక్కువ భాగం బొగ్గు కరెంటు కాబట్టి యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే ఆ డాబా ఏటా దాదాపు 100 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను ఆపినట్టు.

ముందు ఫ్యాను, తర్వాతే ప్యానెల్

తిరుగుడు నిధి నడిపేవాళ్లు మొదటి రూపాయిని ప్యానెల్ మీద పెట్టరు. హాస్టల్లో పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ మోటారు) ఫ్యాను అదే గాలిని 30 వాట్లతో ఇస్తుంది. పాత ఫ్యానులో రోటర్‌ను తిప్పడానికి అందులోనే కరెంటు ప్రేరేపించాలి, కొంత వేడిగా పోతుంది. కొత్తదాంట్లో శాశ్వత అయస్కాంతాలు ఆ పని ఉట్టినే చేస్తాయి. రోజుకు పది గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యాను మీద 135 యూనిట్లు మిగులు. 300 ఫ్యాన్లు మారిస్తే 40,500 యూనిట్లు. ఇది 29 కిలోవాట్ల ప్యానెళ్లు ఏడాదంతా పండించే కరెంటుతో సమానం. ఫ్యాను 3,000 చొప్పున ఖర్చు 9 లక్షలు. అన్ని యూనిట్లకు ప్యానెళ్లు పెట్టాలంటే పద్నాలుగున్నర లక్షలు. ఫ్యాన్ల డబ్బు మూడేళ్లలోపే తిరిగొస్తుంది కాబట్టి నిధి ఇంకా వేగంగా తిరుగుతుంది. డాబా మీద ప్యానెల్ ఫొటోకు బాగుంటుంది, ఫ్యాను బాగుండదు. నిధికి ఫొటోతో పని లేదు.

కోరుట్లలో ఎండ కన్నా పేడ మేలు

ప్రతి క్యాంపస్‌కూ ఒకే మందు పనికిరాదు. పశువైద్య కళాశాలకు పశువులే ఆస్తి. ఒక ఆవు రోజుకు 10 కిలోల పేడ వేస్తుందనుకుంటే 50 పశువులకు 500 కిలోలు. పాతిక కిలోల పేడ నుంచి సుమారు ఒక ఘనమీటరు గోబర్‌గ్యాస్ వస్తుంది. అంటే రోజుకు 20 ఘనమీటర్లు. ఒక ఘనమీటరు గ్యాస్ దాదాపు 0.43 కిలోల వంటగ్యాస్‌కు సాటి. మొత్తం రోజుకు 8.6 కిలోలు. హోటళ్లు, హాస్టళ్లు వాడే 19 కిలోల సిలిండర్ దాదాపు రెండు రోజులకొకటి మిగిలినట్టే.

గ్యాస్ తయారుచేసేది గాలి తగలని చోట బతికే సూక్ష్మజీవులు. అవి 35 డిగ్రీల ప్రాంతంలో చురుగ్గా ఉంటాయి. ప్యానెల్ అలసిపోయే మన ఎండాకాలం వాటికి పండుగ. డిసెంబరు చలికి మందగిస్తాయి. గ్యాస్ పోగా మిగిలిన మడ్డి (స్లర్రీ) పొలానికి ఎరువు. ప్యానెల్‌కు వారానికోసారి నీళ్లు పోస్తే సరిపోతుంది. గోబర్‌గ్యాస్ ప్లాంటుకు రోజూ మనిషి కావాలి. అందుకే ఊళ్లలో కట్టిన ప్లాంట్లు ఎన్నో మూలపడ్డాయి. పశువుల పాకలు చూసే సిబ్బంది, ప్రాక్టికల్స్ చేసే విద్యార్థులు ఉండే కాలేజీలో ఆ మనిషి ముందే ఉన్నాడు.

నిలబడినవి, పడిపోయినవి

డెన్మార్క్ పశ్చిమ తీరాన ఉల్ఫ్‌బోర్గ్ అనే పల్లె దగ్గర ట్వింద్ అనే బడుల సముదాయం ఉంది. 1973 చమురు సంక్షోభం తర్వాత దేశం అణు విద్యుత్ వైపు చూస్తుంటే అక్కడి ఉపాధ్యాయులు తమ ఉమ్మడి పొదుపుతో గాలిమర కట్టుకుంటామని 1975లో పని మొదలుపెట్టారు. ఉపాధ్యాయులు, విద్యార్థులు, వందలాది స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి పాత యంత్రాల భాగాలు తెచ్చి, ఫైబర్‌గ్లాస్ రెక్కలు చేతులతో అచ్చుపోసి, 1978లో దాన్ని తిప్పారు. రెక్కలు తిరిగే వలయం వ్యాసం 54 మీటర్లు. అప్పట్లో ప్రపంచంలోనే అతి పెద్ద గాలిమరల్లో అదొకటి. దశాబ్దాలు గడిచినా అది తిరిగింది. డెన్మార్క్ గాలిమరల పరిశ్రమ మొగ్గ తొడిగిన రోజుల్లో దాని ప్రభావం గట్టిది. ఆ బడులను నడిపిన సంస్థ నాయకులు మాత్రం తర్వాతి కాలంలో డబ్బు వ్యవహారాల ఆరోపణల మీద కోర్టు మెట్లెక్కారు. ఉక్కూ ఫైబర్‌గ్లాసూ నిలబడ్డాయి, లెక్కల పుస్తకం మీద మచ్చ పడింది.

మన దేశపు అయిదు ప్రయోగాల కథా అలాంటిదే. ములా-ప్రవర సంఘం బకాయిలు పేరుకుపోయి 2011లో లైసెన్సు పోగొట్టుకుంది. సిరిసిల్ల, హుక్కేరి నిలిచాయి. సిరిసిల్లలోనూ రాజకీయాల జోక్యం, సబ్సిడీ సొమ్ము కోసం ప్రభుత్వం వైపు చూడటం ఉన్నవే. అయినా డైరెక్టర్లను నిలదీసే హక్కు సభ్యుడికి ఉంది. కాలేజీ నిధికి కావలసింది కూడా అదే. ఏటా కొత్త విద్యార్థులు సభ్యులవుతారు, పాతవాళ్లు వెళ్తారు. కమిటీలో రెండో ఏడు విద్యార్థులు తప్పక ఉండాలి, లేకపోతే ఫైనలియర్‌తో పాటే జ్ఞాపకం కూడా పట్టా పుచ్చుకుని పోతుంది. పూర్వ విద్యార్థులకు, అధ్యాపకులకు చోటుండాలి. లెక్కలు ప్రతి సెమిస్టరూ నోటీసు బోర్డు మీద పెట్టాలి.

చట్టం కూడా దారి ఇస్తోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. ప్రభుత్వ పెట్టుబడి లేకుండా, ప్రభుత్వ పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకునే సంఘాల కోసం చేసిన చట్టమది. డాబా మీద కరెంటు మిగిలితే గ్రిడ్‌కు పంపి లెక్కలో జమ వేయించుకునే నెట్ మీటరింగ్ నిబంధనలు తెలంగాణలో 2016 నుంచి ఉన్నాయి. కాలేజీలకు ఇది ప్రాణం. ఎండ దండిగా ఉండే వేసవి సెలవుల్లోనే క్లాసులు ఖాళీ, హాస్టల్లో లైట్లు వెలిగేది సూర్యుడు దిగాకే.

ఒక్క విషయంలో మాత్రం అమెరికాను అనుసరించకూడదు. అక్కడ రుసుం అందరి ఫీజులోనూ కలిసిపోతుంది. మన కాలేజీల్లో సగం పైగా బెంచీల మీద ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే పిల్లలు కూర్చుంటారు. బీడీలు చుట్టే తల్లి, దుబాయ్‌లో మేస్త్రీ పని చేసే తండ్రి పంపిన డబ్బులో 500 చిన్న మొత్తం కాదు. కాబట్టి చందా ఇష్టపూర్వకంగానే ఉండాలి. ఇవ్వలేనివాడికి ఓటు తగ్గకూడదు. ఆ లోటును అదే కాలేజీలో చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో జీతం తీసుకుంటున్న పూర్వ విద్యార్థులు పూడ్చాలి. ఒక బ్యాచ్ వీడ్కోలు సభలో పూలదండలకు, డీజేకు పెట్టే ఖర్చుతో కనీసం ఒక కిలోవాటైనా వస్తుంది.

మీరు విద్యార్థి అయితే ప్యానెళ్ల కొటేషన్ల కన్నా ముందు మీ కాలేజీ ఏడాది కరెంటు బిల్లులు పన్నెండూ అడిగి తీసుకోండి. ప్రభుత్వ కాలేజీ అయితే సమాచార హక్కు చట్టం కింద అడిగే హక్కు మీకుంది. నెలవారీ యూనిట్లు ఒక కాగితం మీద వేసుకోండి. హాస్టల్లో పాత ఫ్యాన్లు లెక్కపెట్టండి, డాబా కొలవండి. తర్వాత ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి డబ్బు అడక్కండి. మిగిలిన బిల్లు నిధికే తిరిగి రావాలన్న సంతకం అడగండి. అది దొరికితే మొదటి చందా పది వేలైనా చాలు. అది దొరకకపోతే పది లక్షలు పోగైనా ఆ ఏడు ప్రారంభోత్సవం ఫొటో తప్ప ఇంకేమీ మిగలదు.